'పాలు చాలవు' అనే మాటకు ఒక చరిత్ర

బాలింత ఉన్న ఇంట్లో మొదటి నెల తిరక్కముందే ఒక మాట వినిపిస్తుంది: "పాలు చాలడం లేదు." ఆ మాట ఒక్కోసారి అత్త అంటుంది, ఒక్కోసారి చూడవచ్చిన పొరుగామె అంటుంది, ఎక్కువసార్లు ఆ తల్లే అంటుంది. బిడ్డ ఏడ్చినా అదే కారణం, నిద్రపోకపోయినా అదే కారణం, గంట తిరగకముందే మళ్ళీ చన్ను వెతుక్కున్నా అదే కారణం. వానలు పడలేదన్నట్టుగా, ఇందులో మనుషుల ప్రమేయమే లేదన్నట్టుగా ఈ మాట చెలామణీ అవుతోంది. కానీ వానలు పడని ఊళ్ళో కూడా కరువు ఏ ఇంటికి వస్తుంది, ఏ ఇంటికి రాదు అన్నది మేఘాలు నిర్ణయించవని మనకు తెలుసు. పాల సంగతీ అంతే. పాలు తయారుచేసేది తల్లి శరీరం. పాలు చాలవన్న నమ్మకాన్ని తయారుచేసింది మాత్రం చాలావరకు గత రెండు వందల ఏళ్ళ చరిత్ర. మిల్లు, గడియారం, ఆసుపత్రి, డబ్బా, ఈ నాలుగూ కలిసి ఆ పని చేశాయి. ఆ చరిత్రను సాహిత్య విమర్శకులు ఎందుకు పట్టించుకోవాలని ఎవరైనా అడగవచ్చు. మాటలు ఎక్కడ పుట్టాయో, ఎవరికి పనికివస్తున్నాయో చూడటమే మన పని గనక.

ముందు శరీరం సంగతి చూడాలి. అది తెలియకపోతే మిగతా కథ అర్థం కాదు. చాలామంది రొమ్మును పాలకుండగా ఊహించుకుంటారు. కుండలో ఉన్నది తాగితే అయిపోతుంది, మళ్ళీ నిండేదాకా ఆగాలి, ఇదీ ఆ ఊహ. నిజానికి అది కుండ కాదు, చెలమ. ఏటి ఇసుకలో చెలమ తవ్వి నీళ్ళు తోడుకున్నవాళ్ళకు ఇది వివరించి చెప్పనక్కరలేదు. తోడేకొద్దీ ఊరుతుంది, తోడటం మానేస్తే పూడుతుంది. కాన్పయి మాయ పడిన తర్వాత, గర్భాన్ని నిలిపి ఉంచిన రసాయనాలు తగ్గిపోవడంతో, రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య పాలు పడతాయి. అంతకుముందు వచ్చేవి ముర్రుపాలు. అవి చెంచాల లెక్కనే ఉంటాయి. అప్పుడే పుట్టిన బిడ్డ కడుపు పట్టేదీ అంతే. బిడ్డ చప్పరించినప్పుడల్లా తల్లి మెదడు అడుగున ఉన్న చిన్న గ్రంథి నుంచి ప్రొలాక్టిన్ అనే స్రావం రక్తంలోకి వచ్చి పాల తయారీని నడిపిస్తుంది. దీనికి తోడు రొమ్ములోనే ఇంకో లెక్క ఉంది. పాలు తీయకుండా నిండుగా వదిలేస్తే ఆ రొమ్ము తయారీని తనంతట తానే తగ్గించుకుంటుంది. 1980లలో స్కాట్లండ్‌లో మేకల మీద జరిగిన పరిశోధనలు ఈ సంగతిని బాగా పైకి తెచ్చాయి. అందుకే ఒకవైపే తాగించే తల్లికి రెండోవైపు ఇంకిపోతుంది. నెల దాటిన బిడ్డ తల్లిపాల మీదే ఉంటే రోజుకు సుమారు ముప్పావు లీటరు తాగుతుంది. అంత పాలు ఒకచోట నిలవ ఉండవు. తాగుతుండగా ఊరుతుంటాయి.

తయారు కావడం ఒక ఎత్తు, బయటికి రావడం మరో ఎత్తు. ఈ రెండో దానికి తెలుగులో చక్కని మాట ఉంది: చేపడం. పాడి ఉన్న ఇళ్ళలో పెరిగినవాళ్ళు ఈ మాట వినే ఉంటారు. గేదె దగ్గర చెంబు పట్టుకుని కూర్చుంటే పాలు రావు. ముందు దూడను వదలాలి, అది పొదుగు కుమ్మాలి, అప్పుడు గేదె చేపుతుంది. దూడ చచ్చిపోతే దాని తోలులో గడ్డి కూరి గేదె ఎదుట నిలబెట్టేవాళ్ళు. చేపు అనేది పొదుగులో ఉన్న పాలకు సంబంధించిందే కాదు, గేదె మనసుకు కూడా సంబంధించిందని ఆ కొట్టంలో పనిచేసే పాలేరుకు తెలుసు. శాస్త్రజ్ఞులు దీన్ని వివరించింది ఈ విధంగా: చప్పరింపు కబురు నరాల ద్వారా మెదడుకు చేరుతుంది, అక్కడినుంచి ఆక్సిటోసిన్ విడుదలవుతుంది, అది పాలతిత్తుల చుట్టూ ఉన్న సన్నని కండర కణాలను బిగిస్తుంది, పాలు నాళాల్లోకి ఎగజిమ్ముతాయి. ఈ వివరణ ఆవుల విషయంలో 1941లో, మనుషుల విషయంలో 1948లో స్థిరపడింది. మన పశువుల కొట్టంలోని మాట అంతకంటే పాతది. అలాగని మా పూర్వీకులకు అన్నీ తెలుసునని ఛాతీ విరుచుకోనక్కరలేదు. ముర్రుపాలు మంచివి కావని నేలపాలు చేయించినవాళ్ళు కూడా ఆ పూర్వీకులే.

ఇప్పుడు పాలు కారడం గురించి. ఇది చేపుకు సంబంధించిన విషయమే. ఆక్సిటోసిన్ రక్తంలో కలిసి తిరుగుతుంది కనక దానికి కుడి ఎడమ అనే తేడా లేదు. బిడ్డ ఒకవైపు తాగుతుంటే రెండోవైపు నుంచి పాలు కారుతాయి. బిడ్డ ఏడుపు వినబడితే చాలు, ఒక్కోసారి పరాయి బిడ్డ ఏడ్చినా చాలు, బిడ్డను తలచుకున్నా చాలు, పాలు పొంగి రవికె తడుస్తుంది. తాగే వేళ దాటిపోయినప్పుడు, ఎక్కువ నిండినప్పుడు కూడా అంతే. మొదటి ఆరు నుంచి పది వారాల్లో ఇది ఎక్కువగా ఉంటుంది. ఆ తర్వాత బిడ్డ అవసరానికి తగినట్టుగా తయారీ సర్దుకుంటుంది. రొమ్ములు మెత్తబడతాయి, కారడం చాలామందిలో తగ్గిపోతుంది, కొందరిలో ఆగిపోతుంది. కొందరికి మొదటినుంచీ కారదు. వాళ్ళ బిడ్డలూ నిండుగానే తాగుతారు.

సరిగ్గా ఇక్కడే మన సమాజం తల్లిని రెండువైపులా పట్టుకుంది. కారితే సిగ్గు, కారకపోతే భయం. మూడో వారంలో చీర తడిసిందని దాక్కునే ఆమే, మూడో నెలలో చీర తడవడం లేదని, "నాకు పాలు ఇంకిపోయాయి" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. నిజానికి అప్పుడు శరీరం తన లెక్క సరిచూసుకుంది, అంతే. చేపు వచ్చిన గుర్తును పాల కొలతగా చదవడం వల్ల ఎందరు తల్లులు డబ్బా వైపు మళ్ళారో లెక్క తీసినవాళ్ళు లేరు. పాలు కారుతున్నప్పుడు అరచేతితో కాసేపు అదిమి పట్టుకుంటే ఆగుతుందని, లోపల మెత్తని నూలుగుడ్డ పెట్టుకుని తడిసినప్పుడల్లా మార్చుకుంటే సరిపోతుందని, ఇందులో జబ్బూ లేదు తప్పూ లేదని చెప్పడానికి పెద్ద చదువు అక్కరలేదు. చెప్పేవాళ్ళు పక్కన ఉండాలి.

ఆ 1941, 1948 పరిశోధనల గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. మొదటిది అమెరికాలో ఎలై, పీటర్సన్ అనే ఇద్దరు పాడి శాస్త్రజ్ఞులు చేసింది. పాలు పిండబోయే ముందు ఆవు వీపు మీద పిల్లిని కూర్చోబెట్టి, కాగితపు సంచులు గాలి ఊది పేల్చారు. బెదిరిన ఆవు చేపలేదు. పొదుగు నిండా పాలున్నాయి, రాలేదంతే. రెండోది నైల్స్ న్యూటన్, మైకేల్ న్యూటన్ అనే దంపతులది. ఇందులో పాలిచ్చే తల్లి నైల్స్ న్యూటనే. తన మీదే ప్రయోగం చేసుకుంది. బిడ్డ తాగుతుండగా ఆమె కాళ్ళను మంచునీళ్ళలో పెట్టించారు, బొటనవేళ్ళు నొప్పిపుట్టేలా లాగారు, లెక్కలు అడిగి జవాబు తప్పితే విద్యుత్ షాక్ ఇచ్చారు. మామూలు రోజుల్లో బిడ్డ తాగింది 168 గ్రాములు. ఈ హింస జరిగిన రోజుల్లో 99 గ్రాములు. అదే హింస పెట్టి, ఆక్సిటోసిన్ సూది కూడా ఇచ్చిన రోజుల్లో 153 గ్రాములు. అంటే పాలు ఉన్నాయి, వాటి దారి మూసుకుపోయింది. సూది ఆ దారి తెరిచింది.

ఈ అంకెలు చదివినప్పుడు నాకు ప్రయోగశాల కంటే మన ఇళ్ళే ఎక్కువ గుర్తొచ్చాయి. మంచునీళ్ళు అక్కరలేదు. ఆడపిల్ల పుట్టిందన్న ఈసడింపు చాలు. "నీకు పాలు లేవు, మా అమ్మాయికైతే ధారలు కట్టేవి" అన్న పోలిక చాలు. అప్పులవాడు గుమ్మంలో నిలబడితే చాలు. పాలు లేవన్న మాటే పాలను ఆపగలదు. ఆగిన పాలు మళ్ళీ ఆ మాటను నిజం చేస్తాయి. ఒక అభిప్రాయం తనకు తానే సాక్ష్యం తయారుచేసుకునే ఇలాంటి సందర్భాలు చరిత్రలో చాలా లేవు.

మన సాహిత్యం ఈ విషయంలో ఏం చేసింది? ప్రబంధ కవులు రొమ్ములకు వాడిన మాటల్లో 'పాలిండ్లు' ఒకటి. పాలు, ఇండ్లు. మాటలోనే పాలున్నాయి. కానీ వందల పద్యాల్లో ఆ మాట వాడిన కవులకు ఆ ఇండ్లలో పాలుంటాయన్న స్పృహ ఉన్న దాఖలాలు తక్కువ. అవి నాయకుడి కళ్ళకోసం ఉన్నవి. రాజాస్థానంలో చదివే కావ్యంలోకి దాది వస్తుంది గాని, ఆ దాది సొంత బిడ్డ ఏం తాగి బతికిందన్న ప్రశ్న రాదు. తర్వాత వచ్చిన ఆధునిక కవిత్వంలో తల్లిపాలు పెద్ద పీట వేసుకుని కూర్చున్నాయి, కాని ఉపమానంగా. మాతృభాష తల్లిపాల వంటిదన్నారు, స్వేచ్ఛ తల్లిపాల వంటిదన్నారు. అభ్యుదయ కవులు కూడా ఇందుకు మినహాయింపు కాదు. తల్లిపాలు దేనివంటివో, ఎలా వస్తాయో, ఎందుకు ఆగుతాయో, కలుపు తీసే కూలితల్లి మధ్యాహ్నానికి వాటిని ఏం చేస్తుందో రాసిన పేజీలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ఉపమానం ఎక్కువైన చోట వస్తువు కనుమరుగవుతుంది.

పాతకాలం అంతా పాలూ తేనే అనుకుంటే అదీ పొరపాటే. డబ్బా రాకముందు పాలు కొనే పద్ధతి లేదనుకోకూడదు. అప్పుడు కొన్నది మరో స్త్రీ శరీరాన్ని. ఫ్రాన్సులో 1780లో పారిస్ పోలీసు అధికారి లెన్వార్ ఇచ్చిన లెక్క చరిత్రకారులు తరచూ ప్రస్తావిస్తారు. ఆ నగరంలో ఏటా పుట్టే 21,000 మంది పిల్లల్లో తల్లి దగ్గర పాలు తాగేది వెయ్యిమంది, ఇంట్లో పెట్టుకున్న దాది దగ్గర తాగేది మరో వెయ్యిమంది. మిగతావాళ్ళంతా పల్లెల్లో ఉన్న దాదుల దగ్గరికి బళ్ళలో పంపబడ్డవాళ్ళే. వాళ్ళలో దొరల బిడ్డలే కాదు, తెల్లవారకముందే పనిలోకి దిగే చేతివృత్తులవాళ్ళ బిడ్డలూ ఉన్నారు. దారిలో చచ్చినవాళ్ళు చావగా, బతికినవాళ్ళకోసం పల్లెటూరి పేదరాలు తన బిడ్డకు చన్ను విడిపించింది. అమెరికా తోటల్లో నల్ల బానిస స్త్రీలకు ఆ కూలి కూడా లేదు. కాబట్టి ఏ కాలంలోనైనా పాలు ఎవరి శరీరంలో ఊరతాయన్నది ఒకటి, ఎవరి బిడ్డ నోట్లోకి వెళతాయన్నది మరొకటి. రెండో దాన్ని నిర్ణయించింది ఆస్తి సంబంధాలు.

మిల్లు వచ్చాక ఈ సంగతి మరింత నగ్నంగా బయటపడింది. లాంకషైర్ బట్టల మిల్లుల్లో పనిచేసే తల్లులు ఉదయం బిడ్డను ఎవరో ముసలామె దగ్గర వదిలి, రాత్రికి వచ్చేవాళ్ళు. ఏడవకుండా పడుకోబెట్టడానికి ఆ పిల్లలకు 'గాడ్‌ఫ్రీస్ కార్డియల్' అనే నల్లమందు కలిసిన పానకం పట్టేవాళ్ళు. అమెరికా అంతర్యుద్ధ కాలంలో, 1861 తర్వాత, పత్తి రాక మిల్లులు మూతపడ్డాయి. ప్రభుత్వం డాక్టర్ ఎడ్వర్డ్ స్మిత్‌ను ఆ ప్రాంతపు ఆరోగ్య పరిస్థితి చూసి రమ్మని పంపింది. ఆకలితో మాడుతున్న ఆ ఊళ్ళలో ఆయనకు ఒక వింత కనిపించింది. పనిపోయి ఇంట్లో కూర్చున్న తల్లులకు బిడ్డలకు నల్లమందుకు బదులు చన్నివ్వడానికి తీరిక దొరికింది. ఈ నివేదికను మార్క్స్ 'పెట్టుబడి' మొదటి సంపుటంలో ప్రస్తావించాడు. కూలి పోవడం వల్ల బిడ్డకు మేలు జరగడం, ఇంతకంటే తలకిందులైన వ్యవస్థ ఏముంటుంది! ఆ తల్లుల శరీరాల్లో అంతకుముందు ఏ లోపమూ లేదని కూడా దీనివల్ల తేలుతుంది. లేనిది పాలు కాదు, పొద్దు.

ఆ పుస్తకం అచ్చయిన 1867లోనే స్విట్జర్లాండ్‌లోని వెవే పట్టణంలో హెన్రీ నెస్లే తన పాలపిండిని అమ్మకానికి పెట్టాడు. అంతకు రెండేళ్ళ ముందే జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు లీబిగ్ పసిపిల్లల ఆహారానికి తన సూత్రం ప్రకటించాడు. మొదట్లో ఇవి తల్లి చనిపోయిన బిడ్డకు, నిజంగా దిక్కులేని బిడ్డకు ప్రాణాధారాలుగా వచ్చాయి. ఆ మాట కాదనకూడదు. కానీ దిక్కులేని పిల్లలు కొద్దిమందే ఉంటారు. సరుకు పెరగాలంటే దిక్కున్న పిల్లలు కూడా కావాలి.

ఆ సరుకుకు దారి వేసింది గడియారం. 1894లో అమెరికాలో ఎమెట్ హోల్ట్ అనే పిల్లల వైద్యుడు ప్రశ్నలు జవాబుల రూపంలో తల్లులకు ఒక పుస్తకం రాశాడు. అది దశాబ్దాల తరబడి ఇంటింటి గ్రంథమైంది. న్యూజిలాండ్‌లో ట్రూబీ కింగ్ 1907లో శిశు సంక్షేమ సంఘం పెట్టి, నాలుగు గంటలకొకసారి మాత్రమే పాలివ్వాలని, రాత్రిపూట ఇవ్వకూడదని శాసించాడు. అసలు సంగతేమిటంటే ఈ ట్రూబీ కింగ్ తల్లిపాలకు శత్రువు కాదు, గట్టి సమర్థకుడు. తల్లిపాలు కావాలి గాని అవి మిల్లు షిఫ్టుల్లా రావాలి! చెలమను నాలుగు గంటలకొకసారి మాత్రమే తోడాలన్న నియమం పెట్టి, ఊరడం లేదని అనడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. పుట్టిన బిడ్డను తల్లికి దూరంగా వేరే గదిలో పడుకోబెట్టి, వేళకు మాత్రమే తెచ్చి చూపించే ఆసుపత్రి పద్ధతి దీనికి తోడైంది. బిడ్డ ఆకలి వేళ ఒకటి, తల్లి నిండిన వేళ ఒకటి, నర్సు వచ్చే వేళ ఒకటి. మధ్యలో సీసా. వారం తిరిగేసరికి శరీరం తన లెక్క తాను తగ్గించుకునేది. అప్పుడు డాక్టరు వచ్చి పాలు చాలవని నిర్ధారించేవాడు. అబద్ధం చెప్పేవాడు కాదు. తామే తెచ్చిన కరువును తామే కనిపెట్టేవాళ్ళు.

ఈ సరంజామా వలస దేశాలకు ఎలా చేరిందో చెప్పడానికి సిసిలీ విలియమ్స్ జీవితం ఒక్కటి చాలు. జమైకాలో పుట్టిన ఈ వైద్యురాలు 1929 నుంచి నేటి ఘనాలో పనిచేసింది. అక్కడ కాళ్ళు ఉబ్బి, జుట్టు ఎర్రబారి చనిపోతున్న పిల్లల జబ్బుకు ఆమె తన సొంత పేరు పెట్టలేదు. అక్కడి గా భాషలో తల్లులు పిలిచే 'క్వాషియోర్కర్' అన్న మాటనే వైద్యలోకానికి ఇచ్చింది. తమ్ముడో చెల్లెలో పుట్టినప్పుడు పక్కకు నెట్టబడ్డ బిడ్డకు వచ్చే జబ్బు అని ఆ మాటకు అర్థం. మన 'చేపు' లాగే అది కూడా ఆడవాళ్ళ అనుభవం పోతపోసిన మాట. 1936లో ఆమెను మలయాకు బదిలీ చేశారు. అక్కడ ఆమె చూసింది వేరే దృశ్యం. నర్సుల్లా తెల్లబట్టలు కట్టిన అమ్మాయిలు పేటల్లోకి వచ్చి, బాలింతలకు చక్కెర కలిపిన గడ్డపాల డబ్బాలు మంచివని చెప్పి అంటగడుతున్నారు. 1939లో సింగపూర్ రోటరీ క్లబ్బులో, పెద్దమనుషుల ఎదుట, ఆమె 'పాలు, హత్య' అన్న పేరుతో ప్రసంగించింది. ఈ తప్పుడు ప్రచారాన్ని హత్యగానే శిక్షించాలన్నది ఆమె వాదన.

యుద్ధం వచ్చింది. జపాన్ సైన్యం సింగపూర్‌ను పట్టుకుని ఆమెను చాంగీ జైల్లో పెట్టింది. ఆ ఖైదు శిబిరంలో 20 మంది పిల్లలు పుట్టారని, 20 మందీ తల్లిపాలే తాగారని, 20 మందీ బతికారని ఆమె తర్వాత చెప్పేది. ఎముకలు తేలిన ఖైదీ తల్లులు వాళ్ళు. అక్కడ డబ్బా లేదు, నర్సువేషం లేదు, ఇంకో దారి లేదు.

ఇంచుమించు ఇదే విషయాన్ని మన దేశంలో శాస్త్రీయంగా చూపిన వ్యక్తి సి. గోపాలన్. ఆయన పనిచేసిన కూనూరులోని పోషకాహార పరిశోధనాలయమే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, తర్వాత తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అయింది. పేద భారతీయ స్త్రీల పాల ఉత్పత్తి మీద ఆయన 1958లో ప్రచురించిన అధ్యయనం, అరకొర తిండి తినే తల్లులు కూడా నెలల తరబడి బిడ్డకు చెప్పుకోదగినంత పాలివ్వగలుగుతున్నారని చూపింది. దీన్ని తప్పుగా చదివే ప్రమాదం ఉంది. పస్తులున్నా పాలొస్తాయి కదా, ఇక తిండెందుకు అని ఏలినవారు అనవచ్చు. తిండి చాలని తల్లి ఆ పాలను తన ఒంట్లోంచి తీసి ఇస్తుంది. ఆ బాకీ తీర్చవలసింది డబ్బా కాదు, పళ్ళెంలో అన్నం, పప్పు, కూర. మన కోస్తా పల్లెల్లో బాలింతకు సొరచేప కూర పెట్టినా, మరోచోట వెల్లుల్లి కారం పెట్టినా, వాటిలో మందు ఎంత ఉందో నేను వాదించను. ఆమెను కూర్చోబెట్టి ఒక పూట వండిపెట్టడం మాత్రం అందులో ఉంది.

డబ్బా పనిచేసే తీరు చెలమ సంగతి తెలిసినవాళ్ళకు ఇట్టే అర్థమవుతుంది. మొదటి డబ్బా ఊరకే ఇస్తారు. బిడ్డ సీసాతో కడుపు నింపుకుని చన్ను వదిలేస్తుంది. తోడని చెలమ పూడుతుంది. ఊరక వచ్చిన డబ్బా అయిపోయేసరికి కొనక తప్పని స్థితి తయారుగా ఉంటుంది. కొన్న డబ్బాను పేదరాలు పొదుపుగా వాడుతుంది, అంటే మూడు చెంచాల చోట ఒకటి వేసి పలచగా కలుపుతుంది. నీళ్ళు బావివో చెరువువో, కాచడానికి కట్టెలు లేవు. విరేచనాలు, నీరసం, చావు. డెరిక్ జెలిఫ్ అనే వైద్యుడు 1960ల చివర దీనికి వ్యాపారం పుట్టించిన పోషకాహార లోపం అని పేరుపెట్టాడు.

దీని మీద జరిగిన పోరాటం మన తరం వాళ్ళు గర్వంగా చెప్పుకోదగినది. 1974లో లండన్‌లోని 'వార్ ఆన్ వాంట్' సంస్థ మైక్ ముల్లర్ రాసిన 'ది బేబీ కిల్లర్' అనే చిన్న పుస్తకం వేసింది. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరంలో కొందరు యువకులు దాన్ని జర్మన్‌లోకి తెచ్చి, 'నెస్లే పిల్లల్ని చంపుతోంది' అని పేరు మార్చి అచ్చువేశారు. కంపెనీ పరువునష్టం దావా వేసింది. రెండేళ్ళు నడిచిన ఆ కేసులో 1976లో తీర్పు వచ్చింది. ఆ శీర్షిక చట్టరీత్యా పరువునష్టమేనని 13 మందికి తలా 300 ఫ్రాంకుల జరిమానా వేస్తూనే, కంపెనీ తన ప్రచార పద్ధతులను మార్చుకోవాలని కూడా న్యాయమూర్తి చెప్పాడు. 1977లో అమెరికాలో ఆ కంపెనీ సరుకుల బహిష్కరణ మొదలై, 1984 దాకా సాగి, మాట తప్పారని 1988లో మళ్ళీ మొదలైంది. 1981 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సభ తల్లిపాలకు బదులుగా వాడే సరుకుల ప్రచారాన్ని అరికట్టే నియమావళిని ఆమోదించింది. అనుకూలంగా 118 ఓట్లు, తటస్థం 3. వ్యతిరేకంగా ఒక్కటి. ఆ ఒక్కటి అమెరికాది.

మన పార్లమెంటు 1992లో చట్టం చేసింది, 2003లో దాన్ని బిగించింది. రెండేళ్ళలోపు పిల్లల డబ్బా ఆహారాలకు ప్రకటనలు, ఉచిత నమూనాలు, ఆసుపత్రుల్లో ప్రచారం నిషిద్ధం. డబ్బా మీద నవ్వే పసిపాప బొమ్మ వేయకూడదు. మంచి చట్టమే. డబ్బాను ఆపింది కాని, పొద్దును ఇవ్వలేదు. లాంకషైర్ తల్లికి లేనిదే నేటికీ మన తల్లికి లేదు. 1961 నాటి ప్రసూతి చట్టం బిడ్డకు పదిహేను నెలలు వచ్చేదాకా పనివేళల్లో పాలివ్వడానికి రెండు విరామాలు ఇవ్వాలంది. 2017 సవరణలో సెలవు 26 వారాలైంది, యాభైమంది పనిచేసేచోట శిశుగృహం ఉండాలన్నారు. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోకి కూడా ఇవి వచ్చాయి. రెండు విరామాలు సరే, బిడ్డ ఎక్కడుంది? పది మైళ్ళ దూరంలో ఉన్న బిడ్డకు పావుగంట విరామంలో పాలెలా ఇస్తుంది? మా ఉపాధ్యాయ వృత్తిలో స్త్రీలకు జీతం ఉంది, సెలవు ఉంది. అయినా ఒక సహోపాధ్యాయిని పాఠం చెబుతుండగా ఆవరణలోని అంగన్‌వాడీ నుంచి ఏదో పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే, ఆమె తెలుగు వాచకాన్ని గుండెలకు అడ్డం పెట్టుకుని మిగతా పాఠం చెప్పడం చూశాను. ముందు బెంచీ పిల్లలు ముసిముసిగా నవ్వారు. గడియారం చూసుకుని గంట కొట్టేదాకా ఆమె అలాగే నిలబడింది. ఆ బడిలో ఆమె తలుపు వేసుకుని కూర్చోగల గది ఒక్కటీ లేదు.

సెలవు అన్న మాటే లేని కూలితల్లి సంగతి చెప్పనక్కరలేదు. నెల తిరక్కుండానే నాట్లకో, మిరప కోతకో పోతుంది. బిడ్డను వెంట తెచ్చుకుంటే గట్టు మీద చెట్టుకు చీర ఉయ్యాల. ఇంటి దగ్గర వదిలితే మధ్యాహ్నానికి రొమ్ములు రాళ్ళవుతాయి, పక్క మడిలో మరో బిడ్డ ఏడిస్తే రవికె తడుస్తుంది. గట్టు చాటుకు పోయి నేలమీద పిండేసుకుని వచ్చి మళ్ళీ వంగుతుంది. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి బిడ్డ చక్కెర నీళ్ళు తాగి నిద్రపోయి ఉంటుంది. పది రోజులకు ఆ రొమ్ములు రాళ్ళు కావడం మానేస్తాయి. అప్పుడు ఆమె కూడా అదే మాట అంటుంది: "పాలు చాలడం లేదు." 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో, పనిచోట ఆరేళ్ళలోపు పిల్లలు అయిదుగురు ఉంటే వాళ్ళను చూసుకోవడానికి ఒక స్త్రీని పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలని రాసుకున్నారు. రైతు పొలంలో పనికి ఆ మాత్రం కాగితం కూడా లేదు.

నిజంగా పాలు తక్కువయ్యే తల్లులు ఉన్నారు. మాయ ముక్క లోపల నిలిచిపోయినా, కాన్పులో నెత్తురు బాగా పోయినా, థైరాయిడ్ జబ్బున్నా, రొమ్ములో పాలగ్రంథి సరిగా ఎదగకపోయినా అలా జరుగుతుంది. అలాంటి తల్లిని "డబ్బా పట్టావా" అని నిలదీయడం మరో రకం దౌర్జన్యం. తల్లిపాల వారోత్సవాల్లో ఉపన్యాసం ఇచ్చే పెద్దలు కొందరు ఆ పని చేస్తున్నారు. ఆ బిడ్డకు డబ్బా కావాలి, సరైన కొలతలో, కాచిన నీళ్ళతో కావాలి. ఎవరికి నిజంగా తక్కువ, ఎవరికి చరిత్ర తక్కువ చేసింది అన్నది తేల్చాలంటే తల్లి రవికెను చూడకూడదు, బిడ్డను చూడాలి. మొదటి వారం దాటాక రోజుకు ఆరుసార్లకు తక్కువ కాకుండా ఉచ్చ పోస్తోందా, రెండు వారాలకు పుట్టినప్పటి బరువుకు తిరిగి వచ్చిందా, ఆపైన బరువు పెరుగుతోందా. ఈ మూడింటిలో ఏది లేకపోయినా ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. మూడూ ఉంటే, ఆ ఇంట్లోవాళ్ళు బాలింత చేతిలోంచి అంట్లగిన్నెలు తీసుకుని, బిడ్డను ఆమె ఒళ్ళో పెట్టి, అవతలికి పోతే చాలు.